దాలి సెగ

మాంసం వండడమంటే మా సీమలో పెద్దమంటే. పొట్టేలి పక్కటెముకలకు మాత్రం ఆ తొందర పనికిరాదు. ఎముకనంటిన కండలో కొల్లాజెన్ అనే పీచు అధికం. పెద్దసెగకు కండ బిగుసుకొని నీరు కోల్పోతుంది, పీచు కరగదు. సన్నసెగ మీద గంటలకొద్దీ ఉంచితేనే అది జెలటిన్‌గా మారి మాంసం మెత్తబడుతుంది.

ఇదంతా నేర్చుకోవలసిన అవసరం మా నాయన వల్ల కలిగింది. పళ్ళూడిన తర్వాత ఆయన పండుగనాడు పులుసుతో సరిపెట్టుకొని, ముక్కలు మనవడి విస్తట్లోకి జరిపేవారు. "నాకు చాల్లేరా" అనేవారు గానీ, చూపు ఎముకల మీదే ఉండేది.

నంద్యాలలో మిద్దెమీద కెటిల్ గ్రిల్‌తో సాధన మొదలుపెట్టాను. పడవలకు దారి చూపేందుకు నీటిపై తేల్చే లోహపు గుండును రెండుగా చేసి, 1952లో అమెరికాలో జార్జ్ స్టీఫెన్ రూపొందించిన మూతపొయ్యి ఇది. బొగ్గులు ఒకవైపు, ఎముకలు మరోవైపు, వాటి కింద నీళ్ళపళ్ళెం. అడుగునా మూతలోనూ ఉన్న రంధ్రాలను ఎంత మూస్తే సెగ అంత తగ్గుతుంది. 110 నుండి 120 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాన్ని నిలపడమే విద్య. మూత ఎత్తితే వేడి పోతుంది, గాలి చొరబడి బొగ్గు భగ్గుమంటుంది. నేను వాడింది సర్కారు తుమ్మ బొగ్గు. అమెరికావారు ఇష్టపడే మెస్కీట్ చెట్టు దీనికి దాయాదే.

కనుమనాడు పొయ్యిని ఆళ్ళగడ్డకు తీసుకువెళ్ళాను. నాయన చుట్టూ తిరిగి చూసి, "ఇది మూతపెట్టిన దాలి కదరా!" అన్నారు. నిజమే. మా జేజి గుంటలో పిడకలు పేర్చి, నిప్పు వేసి, పైన పాలకుండ పెట్టేది. గాలి చాలక పిడకలు మంటలెత్తకుండా లోలోపలే రగులుతుండేవి. సాయంత్రానికి పాలు ఎర్రబడి మందంగా మీగడ కట్టేవి. రంధ్రాలెందుకో ఆయనకు నేను చెప్పవలసిన పని లేకపోయింది. తానే వంగి అడుగు రంధ్రం సగం మూశారు. మూత ఎత్తబోయిన మనవడిని రెండుసార్లు కసిరారు.

నాలుగో గంటకు ఎముకను మెలితిప్పితే వట్టి ఎముక చేతికి వచ్చింది. నాయన మూడు తిన్నారు. నాలుగోది మనవడికి ఇవ్వలేదు.

గ్యాసు వచ్చాక మా దాలిగుంట పూడ్చేశారు. అందులో పాలు తప్ప ఇంకేం వండేవారో జేజి ఉన్నప్పుడు ఎవరమూ అడగలేదు. మీ ఇళ్ళలో చెప్పగల పెద్దలుంటే ఇప్పుడే అడిగి రాసిపెట్టండి.