ఇల్లు ఖాళీ చేస్తే ఎలుక ఎక్కడికి పోతుంది?

తెలుగు నుంచి ఇంగ్లీషు వాళ్లు అరువు తీసుకున్న మాటల్లో పందికొక్కు ఒకటి. నోరు తిరగక దాన్ని ‘బ్యాండికూట్’ చేసుకున్నారు. అంతటితో ఊరుకోక, ఆస్ట్రేలియాలో పొట్టసంచిలో పిల్లల్ని మోసే ఓ చిన్న జంతువుకీ అదే పేరు తగిలించారు. దానికీ మన పందికొక్కుకీ ఏ చుట్టరికమూ లేదు. మాటే అంత దూరం వెళ్తే, ఎలుకలు ఊరుకుంటాయా? నల్ల ఎలుక పుట్టిల్లు మన భారత ద్వీపకల్పమేనని జన్యువులు పరిశీలించినవాళ్లు చెబుతారు. ధాన్యం బస్తాల మాటున అది ఓడలెక్కింది. ఇంట్లో తిరిగే చుంచెలుకా అలాగే ఎక్కింది. మనిషి ఏ దీవిలో కాలు పెడితే అవీ అక్కడే దిగాయి.

మాది పాతబస్తీలోని గౌలిపురా. అర అడుగు మందం గోడలు, చెక్క దూలాలు, ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే గోడ. అలాంటి ఇంట్లో ఎలుకలు లేకుండా ఎలా ఉంటాయి? అమ్మ బోను పెట్టేది, పిల్లికి పాలు పోసేది, బియ్యం డబ్బా మూత మీద రోకలి పెట్టేది. మందు మాత్రం పెట్టనిచ్చేది కాదు. ‘ఎలుకలు లేని ఇల్లంటె తిండి లేని ఇల్లే బిడ్డా’ అనేది.

ఎలుకల మీద నాకు ఆసక్తి కలిగింది మాత్రం దీవుల సంగతి చదివాకే. చార్మినార్ కట్టింది 1591లో. అప్పటినుంచి మనుషుల్లో 17, 18 తరాలు గడిచి ఉంటాయి. చుంచెలుకకి ఏడాదికి మూడు నాలుగు తరాలు. అంటే ఈ గల్లీల్లో వాటికి వెయ్యి తరాలు ఎప్పుడో దాటిపోయాయి. మనకి చరిత్ర అనిపించే కాలం వాటికి యుగం. జీవి మారడానికి అంత వ్యవధి చాలు. దానికి తోడు, బయటివాళ్లతో కలవని చోటు దొరకాలి.

అట్లాంటిక్ సముద్రంలో మదీరా అని ఓ దీవి. 15వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు అక్కడ కాపురాలు పెట్టారు. నిటారు కొండలు, వాటి మధ్య ఇరుకు లోయలు. ఈ లోయ ఎలుక ఆ లోయకి పోలేదు. మామూలు చుంచెలుక కణంలో 40 క్రోమోజోములుంటాయి. మదీరాలో అవి ఒకదానికొకటి అతుక్కుపోయి కొన్నిచోట్ల 22కి తగ్గాయి. ఒక్క దీవిలో ఇలా వేరుపడిన ఆరు రకాల చుంచెలుకలున్నాయని 2000లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఇదంతా 500 ఏళ్లలో, మహా అయితే 1000 ఏళ్లలో జరిగిందని వాళ్ల అంచనా.

దక్షిణ అట్లాంటిక్‌లోని గాఫ్ దీవిది ఇంకో కథ. 19వ శతాబ్దంలో సీల్ వేటగాళ్ల ఓడల్లోంచి చుంచెలుకలు అక్కడ దిగాయి. పిల్లి లేదు, పాము లేదు, గుడ్లగూబ లేదు. దాక్కోవలసిన పనే లేకపోయింది. చలికాలంలో తిండి కరువైతే గూళ్లలో కదలకుండా కూర్చున్న పక్షిపిల్లలే ఆహారమయ్యాయి. ఒళ్లు పెద్దదైనవి బతికాయి, వాటి పిల్లలూ పెద్దవయ్యాయి. రెండు శతాబ్దాలైనా నిండకుండానే మామూలు చుంచెలుకకి రెట్టింపు బరువు తూగాయి. తమకన్నా వందల రెట్లు బరువుండే ఆల్బట్రాస్ పిల్లల్ని రాత్రిళ్లు బతికుండగానే కొరుక్కుతింటున్నాయి. 2021లో హెలికాప్టర్ల నుంచి దీవంతా మందు చల్లారు. అదే ఏడాది డిసెంబరులో మళ్లీ ఒక చుంచెలుక కనిపించింది.

మన గల్లీల్లో అలా ఎందుకు జరగలేదు? గోడ మీద పిల్లి, ఆకాశంలో గద్ద, చేతిలో చీపురుతో అమ్మ. పైగా మీర్ ఆలం మండీ నుంచి వచ్చే ప్రతి బస్తాతోనూ కొత్త ఎలుక రావచ్చు. పాతబస్తీలో ఏ ఇల్లూ దీవి కాదు.

నాన్న పోయాక అమ్మని మా అపార్టుమెంటుకి తెచ్చుకున్నాం. గౌలిపురా ఇంటికి తాళం పడింది. అమ్మేద్దామని తమ్ముడు, కొన్నాళ్లు చూద్దామని నేను. మూడు నెలల తర్వాత తలుపు తీస్తే ఒక్క ఎలుక పెంటిక లేదు. అటకమీద గూడు ఎండిపోయి ఉంది. మేం వచ్చామని తెలిసి పక్కింటావిడ గడపలోకి వచ్చింది. నలభై ఏళ్ల స్నేహం, రంజాన్‌కి షీర్ ఖుర్మా, ఉగాదికి పచ్చడి మారిన గుమ్మాలు. ‘అక్కా, మీ చూహే అన్నీ మా ఇంట్లనే ఉన్నయ్, తీస్కపోండ్రి’ అంది. అమ్మ నవ్వింది. ఆ ఇంట్లో నాన్న పోయాక ఆమె నవ్వడం అదే మొదలు.

పక్కిల్లు లేని ఎలుకల సంగతి కూడా అమ్మకి చెప్పాను. స్కాట్లండ్‌కి దూరంగా సెయింట్ కిల్డా దీవులున్నాయి. శతాబ్దాలుగా మనుషులతో కలిసి బతికి, అక్కడి ఇంటి చుంచెలుక తనదైన ఒక రకంగా మారింది. బతకడం కష్టమై 1930 ఆగస్టు 29న చివరి 36 మంది దీవిని వదిలి ఓడెక్కారు. పొయ్యిలు చల్లారాయి, గింజలు అయిపోయాయి. ఒకటి రెండేళ్లలోనే ఆ చుంచెలుక జాతి మొత్తం అంతరించింది. అదే దీవిలో పొలాల్లో తిరిగే మరో రకం ఎలుక మాత్రం ఇప్పటికీ హాయిగా ఉంది. అది మనిషిని నమ్ముకోలేదు మరి.

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తమ్ముడికి ఫోన్ చేయమంది. ‘అమ్ముతె అమ్ముండ్రి. గని కూలగొట్టెటోళ్లకు వద్దు, పొయ్యి వెలిగిచ్చెటోళ్లకు ఇయ్యిండ్రి. ధర తగ్గినా మంచిదే’ అంది. తమ్ముడు అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. బేరం ఇంకా నడుస్తోంది. ఈలోగా ఓ కుటుంబాన్ని అద్దెకు పెట్టాం. ఇద్దరు చిన్నపిల్లలు. బిస్కెట్లు నేల మీద పోసుకునే వయసు.