పేర్లు అడగని కూటము



పెద్దపల్లి పేరు మీలో చాలామంది రైలులోనుండే విని ఉంటారు. కాజీపేట, బల్లార్ష లైనులో ఇది జంక్షను. కరీంనగరు, నిజామాబాదు వైపు లైను ఇక్కడే చీలుతుంది. 2016 అక్టోబరులో జిల్లా కేంద్రమయింది. కాలువ నీళ్ళు పారిన నేల గనుక చుట్టూ వరి, వరి వెంట రైసు మిల్లులు. ఇంకొంచెం ముందుకు పోతే గోదావరిఖని బొగ్గు బావులు. బస్తాలు మోసిన హమాలీకైనా, బావిలో దిగిన కార్మికునికైనా సాయంత్రానికి ఒళ్ళు నొప్పులే. ఆ నొప్పులకు మందు ఎక్కడ దొరుకుతుందో ఎవరినీ అడగనక్కరలేదు. కల్లు కంపౌండు, బెల్టు షాపు రెండూ మందిరముకంటె దగ్గర.

మరి మానాలనుకున్నవాడు ఎక్కడికి పోవాలి? మా సంఘములోని ఒక హమాలీ సహోదరుని భార్య ఈ మాటే అడిగింది. పుస్తెలు కుదువ పెట్టి ఆయనను రెండుసార్లు ఆసుపత్రిలో చేర్పించిన తల్లి ఆమె. "దవఖానల ఉన్నన్ని దినాలు మంచిగనే ఉంటడు అయ్యగారూ. ఇంటికొచ్చిన తెల్లారే కష్టం" అంది. సంఘమంతా ఆయన కొరకు ప్రార్థిస్తూనే ఉంది. ఆమె అడిగినది ఆ తెల్లవారి సంగతి.

దుకాణాలు మూయించడం మన రాష్ట్రానికి తెలుసు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు లేచారు, 1993 అక్టోబరులో సారా ఆగింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చింది, 1997లో అది సడలిపోయింది. దుకాణము మూసినా తెరిచినా, మనిషి లోపలి దాహము సంగతి వేరు.

సికింద్రాబాదులో సేవచేస్తున్న ఒక మిత్రునికి ఫోను చేశాము. వాళ్ళ మందిరము ఆవరణలోనే ఒక గదిలో ఆల్కహాలిక్స్ అనానిమస్ వారు కూడుకుంటారని ఆయన చెప్పారు. తాగుడు మానిన వారు, మానాలనుకునే వారు తమలో తాము మాట్లాడుకునే కూటమది. ముందుగా డాక్టరు దగ్గర ఆ సహోదరుని ఒంటిలోని విషము దిగేదాకా ఆగాము. ఇది తప్పక చెప్పాలి: ఏళ్ళ తరబడి తాగినవారు, మత్తు కలిపిన కల్లుకు అలవాటుపడినవారు ఒక్కసారిగా మానేస్తే ఫిట్సు రావచ్చు, ప్రాణము పోవచ్చు. ఇంట్లో గదిలో పెట్టి గొళ్ళెము వేయడం వైద్యము కాదు.

ఒక గురువారము పొద్దున రైలెక్కాము. జమ్మికుంట, కాజీపేట, జనగామ. ఆలేరు దాటాక తాటిచెట్లు కనబడగానే ఆయన కిటికీ వైపునుండి ముఖము తిప్పుకున్నాడు. "గాడ నన్నేమంటరో అయ్యగారూ" అని మాత్రము ఒకసారి అన్నాడు.

ఎవరూ ఏమీ అనలేదు. గుమ్మము దగ్గర ఒక పెద్దమనిషి ఆయన చెయ్యి పట్టుకొని లోపలికి తీసుకుపోయారు. మమ్మల్ని మాత్రము ఆపారు. "ఈ పూట క్లోజ్‌డ్ మీటింగు అయ్యగారూ. తాగుడు బాధ ఉన్నవాళ్ళకే. ఓపెన్ మీటింగునాడు మీరూ రావచ్చు" అన్నారు. పాస్టరును గుమ్మము బయట కూర్చోబెట్టిన కూటము మేము అదే మొదటిసారి చూడడం! టీ మాత్రము బయటికే పంపించారు. రిజిస్టరు లేదు, ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు. ఖర్చులకు సభ్యులు తమలో తాము వేసుకునే చందాయే తప్ప బయటివారి రూపాయి పుచ్చుకోరు.

గంటన్నర తరువాత ఆయన కళ్ళు తుడుచుకుంటూ వచ్చాడు. "ఒకాయన నా ముచ్చటే చెప్పిండు అయ్యగారూ. పుస్తెలు సుత. ఆయనకెట్ల తెలిసింది?"

ఆ బెంచీ మీద కూర్చుండగా ఈ కూటము పుట్టుక మాకు గుర్తుకొచ్చింది. 1935 మే నెల. అమెరికాలోని ఆక్రన్ పట్టణములో బిల్ విల్సన్ అనే న్యూయార్కు వ్యాపారి, పని చెడిపోయి హోటలులో ఒంటరిగా నిలబడ్డాడు. మానేసి అయిదు నెలలయింది. ఒక పక్క బారు సందడి, ఇంకో పక్క గోడమీద ఊరిలోని చర్చీల జాబితా. ఆ జాబితా చూసి వాల్టర్ టంక్స్ అనే ఎపిస్కోపల్ బోధకునికి ఫోను చేశాడు. అలా ఒకరి వెనుక ఒకరిని పట్టుకొని, తాగుడులో మునిగిన బాబ్ స్మిత్ అనే సర్జను దగ్గరకు చేరాడు. పదిహేను నిమిషాలే కూర్చుంటానన్న డాక్టరు ఆరు గంటలు లేవలేదు. బోధించేవాడు కాక, తనవలె పడి లేచినవాడు మాట్లాడుతున్నాడని ఆయన కూర్చున్నాడు. జూను 10న తాగినదే ఆయన ఆఖరిసారి. ఆ తేదీనే వీరు తమ కూటము పుట్టినరోజుగా లెక్కిస్తారు. బోధకుడు చేసిన పని ఫోనుకు జవాబివ్వడం, పేర్లు చెప్పడం. మాకు ఆ పని చిన్నదిగా తోచలేదు.

ప్రతి వారము సికింద్రాబాదు పోవాలంటే హమాలీకి కూలి పోతుంది, చార్జీలు అవుతాయి. మీటింగుకు ఎంతమంది కావాలని అడిగితే ఇద్దరు ముగ్గురు చాలన్నారు. మన ప్రభువు చెప్పిన లెక్కా అదే కదా! వారి ద్వారానే గోదావరిఖనిలో బావి పని నుండి రిటైరయిన ఒక పెద్దాయన దొరికారు. ఇప్పుడు శనివారము సాయంత్రము మా మందిరము వెనుక గదిలో వారిద్దరు కూర్చుంటున్నారు. తాళము ఇచ్చి మేము ఇంటికి వచ్చేస్తాము.

నడుమ ఒక శనివారము మన సహోదరుడు రాలేదు. మళ్ళీ తాగాడు. పెద్దాయన ఖని నుండి బస్సులో వచ్చి, ఆయన ఇంటి అరుగుమీద రాత్రి పదిదాకా కూర్చున్నారు. మందలించలేదట. తాను ఎన్నిసార్లు పడ్డారో చెప్పారట. మరుసటి వారము ఇద్దరూ వచ్చారు.

మీ ఊరిలో ఇటువంటివారుంటే ప్రభుత్వపు ఉచిత నంబరు 14446కు ఫోను చేసి చికిత్స సంగతి అడగండి. పెద్దపల్లి చుట్టుపక్కలవారైతే శనివారము చీకటిపడే వేళ వెనుక గేటు తీసే ఉంటుంది. ముందు గేటునుండి రానక్కరలేదు, మాకు చెప్పనక్కరలేదు.