చెట్టునకు నేలయే పుట్టిల్లు

నీరు కొలది తామర యని పెద్దలందురు. నేల కొలది చెట్టని చెప్పదగిన చోటు నల్లమల. కృష్ణకును పెన్నకును నడుమ ఉత్తర దక్షిణములుగా సాగిన ఈ కొండలకు తూర్పు వాకిట మార్కాపురము, కంభము, గిద్దలూరు ఉన్నవి. దూరమునుండి చూచువారికి ఈ యడవి యంతయు ఒకే నీలపు గోడవలె కానవచ్చును. దగ్గరకు పోయినచో, ఒక్క కొండమీదనే నాలుగైదు విధములైన అడవు లున్నట్లు తెలియును. ఒకే యెండ కాచి, ఒకే వాన కురియు కొండకు ఇన్ని రూపము లెట్లు కలిగినవి?

సమాధానము బాటసారి కాలిక్రిందనే యున్నది. నల్లమల శిలలు నూరు కోట్ల యేండ్లకు పైబడిన వయస్సు గలవి. వానిలో ముఖ్యమైనవి రెండు. ఒకటి క్వార్ట్జైట్ అను కఠినశిల. రెండవది పలకరాయి. తెలుగుపిల్లల అక్షరాభ్యాసమునకు తరతరములుగా అక్కఱకు వచ్చిన మార్కాపురము పలకలు ఈ జాతి రాతినుండి చేసినవే. కఠినశిల పెద్ద బండలుగా పగులును. దానినుండి పుట్టిన మన్ను పలుచనిది, ఇసుక పాలు ఎక్కువ. వాననీరు నిలువక జారిపోవును. పలకరాయి పొరలు పొరలుగా విడి, మెత్తబడి, బంకమన్నగును. అందు నీరు కొంతకాలము నిలుచును.

ఈ భేదమును చెట్లు మనుష్యులకంటె ముందే గ్రహించినవి. కొండ దిగువన ఎఱ్ఱని గరప నేలలో చండ్ర, రేగు, బలుసు పెరుగును. ముండ్లును చిన్న ఆకులును వానికి రక్షణ. చిన్న ఆకునుండి పోవు నీరు తక్కువ గదా! కొంత పైకెక్కి, మన్ను మందముగా నున్న వాలు చేరినచో చిరుమాను, ఏగి, టేకు కనబడును. బంక పాలెక్కువైన చోట నల్లమద్ది నిలుచును. ఉత్తరపు వాలున ఎండ తీవ్రత తక్కువ గనుక తేమ ఎక్కువకాల ముండి, అడవి చిక్కగా నుండును. బండలు తేలిన శిఖరములపై అందుగు, కొండగోగు మాత్రమే ధైర్యముగా నిలుచును. ఆకులన్నియు రాలిన మోడుపై కొండగోగు వేసవి మొదట పచ్చని బంగారు పూలు పూయును. వాగుల వెంబడి ఒండ్రుమట్టిలో ఏరుమద్ది, నేరేడు, వెదురు గుంపులై పెరుగును. శిఖరమునుండి వాగునకు కొన్ని వందల అడుగులే దూరము. కాని ఆ రెండు అడవులకు పోలిక లేదు.

బీదనేల యెప్పుడును బీదచెట్టునే యిచ్చునని తలంపరాదు. గిద్దలూరు దిక్కు అడవులలో పెరుగు ఎఱ్ఱచందనమే యిందుకు తార్కాణము. దక్షిణాంధ్రపు కొండలలో తప్ప లోకమున మఱెక్కడను సహజముగా విరివిగా పెరుగని ఈ వృక్షము రాళ్లు నిండిన, నీరు నిలువని నేలను కోరును. సారవంతమైన తడినేలలో ఇతర వృక్షముల నీడ దానిని అణచివేయును. రాతినేలలో మెల్లమెల్లగా పెరిగి, దాని చేవ నీట మునుగునంత బరువగును.

ఛాంపియన్ అను అటవీశాస్త్రజ్ఞుడు 1936లో భారతదేశపు అడవులను వర్గీకరించెను; 1968లో సేఠ్‌తో కలిసి దానిని సవరించెను. అందు వాన, వేడిమిని బట్టి ఏర్పడిన అడవులతోపాటు, నేల గుణముచేతనే ఏర్పడిన అడవులకును వేఱుగా స్థానమిచ్చిరి. అందుగు వనము అట్టివానిలో నొకటి.

ఈ జ్ఞానము పుస్తకములకే పరిమితమైనది కాదు. కార్చిచ్చు ఆకుచెత్తను కాల్చినచో, ఆ తరువాతి వాన పైమన్నును కడిగివేయును. ఆ మన్ను గుండ్లకమ్మ వెంట పోయి, విజయనగర కాలమున కట్టిన కంభము చెఱువున పూడికగా పడును. చెట్టు నరికినచో మొదలున చిగురు వేయవచ్చును; నేల పోయినచో ఆ చిగురునకు ఆధారమేది? జానెడు మన్ను ఏర్పడుటకు శతాబ్దములు పట్టును. పోవుటకు కొన్ని వానలు చాలును. మొక్కలు నాటుటయందును ఇదే సూత్రము. శిఖరమున టేకును, వాగున అందుగును నాటువాడు శ్రమకు తగిన ఫలము పొందడు.

అడవిని కాపాడుట యనగా చెట్లను లెక్కించి కాపాడుట మాత్రమే కాదు. ఏ నేల ఏ చెట్టును కన్నదో తెలిసికొని, ఆ నేలను చెదరకుండ నిలుపుటయే దాని మొదటి మెట్టు.