దీపావళి నాటి డీఎన్‌ఎస్

తిరువూరు, 15 అక్టోబర్ 2025

పేపర్ నిండా విశాఖ గూగుల్ డేటా సెంటరే. అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లట. టీ కొట్టు దగ్గర ఒకాయన, "ఇక మన పిల్లలు హైదరాబాద్ పోనక్కర్లేదు" అని తేల్చేశాడు. అక్కడ మనుషులకంటే మిషన్లే ఎక్కువని చెప్పబుద్ధి కాలేదు.

నేను కట్టబోయే పరీక్ష అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్ వాళ్ల సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్. 65 ప్రశ్నలు, 130 నిమిషాలు, వెయ్యికి 720 రావాలి. ఫీజు 150 డాలర్లు, సర్టిఫికెట్ మూడేళ్లు చెల్లుతుంది. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు అడిగితే మరో 30 నిమిషాలు ఇస్తారు. స్లాట్ బుక్ చేసుకోకముందే అడగాలి. ఈ సంగతి కోచింగుల వాళ్లు ఎందుకు చెప్పరో!

20 అక్టోబర్

పండక్కి వచ్చిన బావ భోజనం మధ్యలో లేచి లాప్‌టాప్ తెరిచాడు. ఉత్తర వర్జీనియాలో ఏడబ్ల్యూఎస్ పడిపోయింది. స్నాప్‌చాట్, సిగ్నల్ కూడా. "గారెలు చల్లారిపోతున్నాయి" అని అక్క కేకలు.

నా పుస్తకంలో ఇలాంటిదానికి జవాబు మల్టీ ఏజెడ్, అంటే ఒకటికి మించి డేటా సెంటర్ జోన్లు. ఒక జోన్ పోతే ఇంకోటి ఆదుకుంటుంది. కానీ ఇవాళ పోయింది జోన్ కాదు, డైనమోడీబీ అనే వాళ్ల డేటాబేస్ చిరునామా. ఎన్ని జోన్లుంటే ఏం లాభం?

24 అక్టోబర్

కారణం అమెజానే రాసి పెట్టింది. ఆ చిరునామాలుండే డీఎన్‌ఎస్ రికార్డులు మార్చే ప్రోగ్రాం కాపీలు విడివిడిగా నడుస్తుంటాయి. వాటిలో ఒకటి నత్తనడకన వచ్చి కొత్త ప్లాన్ మీద పాతది రాసేసింది. తన ప్లాన్ కొత్తదేనా అని అది ముందే చూసుకుంది, కానీ రాసే వేళకి ఆ చూపు పాతబడింది. ఈలోగా రెండో కాపీ పాత ప్లాన్లు తుడుస్తూ దాన్నీ తుడిచేసింది. మిగిలింది ఖాళీ రికార్డు.

రాత్రి బావ ఫోన్లో మాక్ ఇంటర్వ్యూ పెట్టాడు. టూ సమ్ లాంటి కోడింగ్ పజిల్ అడగలేదు, అది అందరికీ నోటికొచ్చు. "పాత వెర్షన్ వస్తే రాయనివ్వని ఫంక్షన్ రాయి. మాట్లాడుతూ రాయి" అన్నాడు.

"చూడ్డం, రాయడం రెండూ ఒకే లాక్ లోపల ఉండాలి బావా."

"లాక్ బయట చూస్తే?"

"దీపావళే!"

నవ్వాడు. "వెర్షన్లు సమానమైతే?"

"రాయనివ్వను. అదే ప్లాన్ మళ్లీ వచ్చినట్టే కదా."

ఇదంతా తెలుగులోనే సాగింది. ఇంగ్లీషులో అయితే వాక్యం కూర్చుకునేలోపు లాకే మరిచిపోయేవాణ్ణి.

29 అక్టోబర్

మొంథా తుపాను నిన్న రాత్రి తీరం దాటింది. కరెంటు లేదు, ఫోన్ ఛార్జింగ్ అడుగంటింది. ఆ ఫంక్షన్ కాగితం మీద మళ్లీ రాశాను.

సర్టిఫికెట్ దండగని అనను. అది రెజ్యూమేలో లేకపోతే కొన్నిచోట్ల ఫోన్ కూడా రాదు. ఫోన్ వచ్చాక జరిగే తంతే మారాలి. ఇంటర్వ్యూ చేసే పెద్దలారా, పజిళ్లు పక్కన పెట్టి ఇలా నిజంగా పడిపోయిన కోడ్ ఇరవై లైన్లు చేతికివ్వండి. ఎక్కడ తేడా కొట్టిందో మా భాషలో చెప్పనివ్వండి.