సౌండు బొమ్మ తిన్న మెమరీ, నా బిడ్డ మీద పడ్డ నింద

ఈసారి వరి గురించి కాదు, కంప్యూటర్ గురించి రాస్తున్న. "నాట్లు పెట్టుకొని నీకెందుకయ్యా ఈ లొల్లి" అనకుండ్రి. ఇంట్ల చదువుకునే పిల్లలు ఉన్నోళ్లకు పనికొస్తది, జర ఓపికతోని చదవండ్రి.

మా ఇంట్ల ఒక సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ ఉన్నది. ర్యామ్ 4 జీబీ. 2025 అక్టోబర్ 14తోని విండోస్ 10కు సపోర్ట్ ఆపేసిన్రు, కొత్త విండోస్ ఈ పాత మిషన్‌ల ఎక్కదు. మా అన్న కొడుకు వచ్చి లినక్స్ ఎక్కించి పోయిండు. పైసా ఖర్చు లేదు. 1991ల ఫిన్లాండ్‌ల లైనస్ టోర్వాల్డ్స్ అనే కాలేజీ పిల్లగాడు మొదలుపెట్టింది ఇది. మన చేతులల్ల ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ల లోపల నడిచేది గూడ ఈ లినక్స్ కెర్నలే.

బిడ్డ ఇంటర్ రెండో సంవత్సరం. రోజూ దాంట్ల పాఠాలు వింటది, నేను వడ్ల లెక్క, ఎరువుల లెక్క రాసుకుంట. మొదట్ల మంచిగనే నడిచింది. తర్వాత మొదలైంది తిప్పలు. మౌస్ కదలదు, బొమ్మ ఆగిపోతది, హార్డ్ డిస్క్ లైటు కొట్టుకుంటనే ఉంటది. బటన్ నొక్కి ఆపి మళ్ల చాలు చేస్తే రెండు రోజులు మంచిగుంటది, మూడో రోజు మళ్ల అదే కథ.

నేనేం చేసిన? బిడ్డను తిట్టిన. "ఎవ్వలెవ్వలి వీడియోలో చూసి ఖరాబు చేసినవ్" అన్న. "బాపూ, నేనేం చెయ్యలే, పాఠం వింటుంటేనే ఆగుతుంది" అన్నది. ఆ మాట నేను ఇనలే. అప్పటిసంది ఆమె ల్యాప్‌టాప్ ముట్టలే. దోస్తు ఇంటికి పోయి చిన్న ఫోన్ల చూసి నోట్స్ రాసుకునుడు మొదలుపెట్టింది. ఎల్లారెడ్డిల ఒక షాపుల చూపిస్తే "ర్యామ్ సరిపోతలేదు, మూడున్నర వేలు అయితది" అన్నరు. యూరియా, కూలీల ఖర్చు మీద ఇదొకటి.

పైసలు ఇచ్చే ముందు ఒక్కసారి చూద్దామని రాత్రి కూసున్న. అన్న కొడుకు ఫోన్ల చెప్తుంటే టెర్మినల్ తెరిచి 'ఫ్రీ' అనే కమాండ్ కొట్టిన. ఈడ ఒక సంగతి గుర్తుపెట్టుకోండ్రి. 'యూజ్డ్', 'క్యాష్' అనే అంకెలు చూసి భయపడొద్దు. క్యాష్‌ల ఉన్న మెమరీ అడిగితే చానా మటుకు వాపసు వస్తది. 'అవైలబుల్' అన్న వరుస చూడాలె. మా దాంట్ల అది రెండు వందల ఎంబీ గూడ లేదు. స్వాప్ మొత్తం నిండింది. స్వాప్ అంటే ర్యామ్ చాలనప్పుడు హార్డ్ డిస్క్ మీద తీసుకునే జాగ. డిస్క్ నెమ్మది, అందుకే లైటు కొట్టుకుంటది, మౌస్ ఆగుతది.

తర్వాత 'టాప్' అని కొట్టి, షిఫ్ట్ పట్టుకొని 'ఎమ్' నొక్కిన. ఎక్కువ మెమరీ తినేది మీదికి వస్తది. బ్రౌజరే ఉంటదనుకున్న. బ్రౌజర్ రెండో జాగల ఉన్నది. మొదటి జాగల ఉన్నది వాల్యూమ్ కంట్రోల్! మూలకు స్పీకర్ బొమ్మ ఉంటది సూడు, అదే. సౌండు పెంచి తగ్గించే బొమ్మ 1.8 జీబీ తింటున్నది.

మెషిన్ రీస్టార్ట్ చేసి, తెల్లారి కాగితం పెన్ను పట్టుకున్న. పొద్దున అది 42 ఎంబీ. ఒక పాఠం పెట్టి గంట నడిపించిన, 210 అయింది. పాఠం ఆపి రెండు గంటలు ఊకె ఉంచిన, 210 కాడనే ఉన్నది. సాయంత్రం మళ్ల పెట్టిన, 500 దాటింది. మేము షట్‌డౌన్ చెయ్యం, మూత పెట్టి పక్కకు పెడతం. గందుకే రోజురోజుకు పెరిగి కుప్పయింది. పాఠం వింటుంటేనే ఆగుతదని బిడ్డ చెప్పిన మాట అక్షరాల నిజం.

దీన్ని మెమరీ లీక్ అంటరట. లీక్ అంటే ఒడ్డుకు బొక్క పడి నీళ్లు కారినట్టు అనుకున్న. గట్ల కాదు. కొనుగోలు సెంటర్ల ఒకాయన రోజూ గోనె సంచులు తీసుకపోయి, పని అయినంక వాపసు ఇయ్యకుంట ఇంట్ల పెట్టుకున్నట్టు. సంచులు ఊర్లనే ఉన్నయి, కానీ మిగితా రైతులకు దొరకయి. ఆ ప్రోగ్రాంను బంద్ చేస్తే కెర్నల్ అన్ని సంచులు గుంజుకుంటది.

టాప్‌ల 'కే' నొక్కి దాని నంబర్ కొట్టి బంద్ చేసిన. ఊకె ఎంటర్ కొడితే 15 నంబర్ సిగ్నల్ పోతది, అంటే మర్యాదగ పొమ్మన్నట్టు. ఇనకపోతేనే 9, అది మెడలు పట్టి గెంటినట్టు. 15కే పోయింది. మెమరీ ఒక్కసారి ఖాళీ అయింది. సౌండు పోతదని భయపడ్డ, పాఠం మాత్రం నడుస్తనే ఉన్నది! సౌండు వచ్చేది వేరే ప్రోగ్రాం నుంచి, దాని కింద కెర్నల్‌ల ఆల్సా అని ఉంటది. మూలకున్న బొమ్మ తూముకు చక్రం అసొంటిది. చక్రం తీసేస్తే కాలువల పారే నీళ్లు ఆగయి.

మళ్ల చాలు చేస్తే అది మళ్ల రావొద్దని స్టార్టప్ అప్లికేషన్స్‌ల దాని టిక్కు తీసేసిన. సౌండు మార్చాలంటే కీబోర్డు బటన్లు ఉన్నయి, టెర్మినల్‌ల 'ఆల్సామిక్సర్' ఉన్నది. వారం తర్వాత అప్‌డేట్లు అన్ని చేసి, టిక్కు మళ్ల పెట్టి, నాలుగు రోజులు అంకెలు రాసిన. 50 ఎంబీ దాటలే. మూడున్నర వేలు మిగిలినయి.

బిడ్డను పిలిచి కాగితం చూపించిన. "నీ తప్పు లేదు బిడ్డా, నేనే తొందరపడ్డ" అన్న. "మొదటి రోజే చెప్పిన గదా బాపూ" అన్నది, అంతే. నాకు మస్తు సిగ్గనిపించింది. పొలంల మొక్క పండుబారితే ఏరు చూస్తం, ఆకు తిప్పి పురుగు చూస్తం, నీళ్లు చూస్తం. ఇంట్ల పిల్ల చెప్పింది మాత్రం చూడకుంటనే తీర్పు ఇస్తం.

మన పోచారం డ్యామ్ 1922ల పూర్తయింది. వందేండ్లు దాటినా మన మడులకు నీళ్లు ఇస్తనే ఉన్నది. పాతదని దేన్నీ తీసి పారేయొద్దు. ఏడ తక్కువైతుందో ముందు లెక్క చూసుకోవాలె.

మీ ఇంట్ల కంప్యూటర్ గిట్లనే ఆగుతుంటే ముందు టాప్ కొట్టి చూడండ్రి. పిల్లలను తిట్టుడు తర్వాత. తెలియకపోతే కింద రాయండ్రి, నాకు తెలిసినంత చెప్త.