మదీనా చెంత నల్లరాళ్ళు

మస్జిదె నబవీ జియారత్ అనంతరం మేము నగరానికి ఆగ్నేయాన ఉన్న హర్రా రహత్‌కు వెళ్ళాము. హి.శ. 654 (క్రీ.శ. 1256)లో కొన్నాళ్ళు భూకంపాలు వచ్చి, ఆపై ఇక్కడ నేల చీలింది. 52 రోజులు పెల్లుబికిన లావా 23 కిలోమీటర్లు పారి, నగరాన్ని చేరకముందే ఆగింది. మిగిలినవి వరుసగా చిన్న గుట్టలే.

ఎత్తే కొలమానమైతే ఇవి లెక్కకు రావు. కానీ కొరియా జెజు దీవిలో సముద్రపు నీరు, శిలాద్రవం కలిసి పుట్టించిన సియోంగ్‌సాన్ కూడా 182 మీటర్లే. 2007లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఆక్లండ్‌లోనైతే ఇటువంటి గుట్టలు కొన్ని కంకర కోసం తవ్వగా రూపుమాసిపోయాయి. అందంలో జెజుదే పైచేయి, ఒప్పుకుంటాము. అయితే మదీనావాసులు తమ కళ్ళతో చూసి వ్రాసిన లేఖలు దమాస్కస్ చేరి, అబూ షామా చరిత్రలో నిలిచాయి. అటువంటి సాక్ష్యమున్న గుట్టలు బహు అరుదు.

మా పిల్లవాడు జేబులో వేసుకున్న నల్లరాయిని తిరిగి అక్కడే పెట్టించాము.