తువ్వాల కింద వేలు

మాది ఎనుమాముల. బయట ఎవరికైనా ఊరి పేరు చెప్తే వెంటనే "ఓ, మార్కెట్టా!" అంటారు. ఊరుందన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మా వాడలో తుమ్మకుండా అన్నం తిన్నవాళ్ళు ఉండరు, యార్డుకి మిర్చి వచ్చే కాలం మరి. తేజ, వండర్ హాట్, 341, చపాటా... బస్తా చూడకుండా వాసనతో రకం చెప్తానని గొప్పలు పోను గానీ, కళ్ళల్లో నీళ్ళు తిరిగితే తేజ వచ్చిందని మాత్రం చెప్పగలను. పొద్దున్నే జెండా పాట. ఆ రోజు రేటు గొంతెత్తి, వందమంది వినేలా పాడతారు. తర్వాత ఒక్కో రాశి దగ్గర ఒక్కో ధర, అది వేరే కథ.

అందుకే మూడో సంవత్సరంలో క్రిప్టోగ్రఫీ ఎలెక్టివ్ తీసుకున్నప్పుడు మా ఊరికీ దానికీ చుట్టరికం ఉంటుందని నాకు తట్టలేదు. మాది అరుపుల ఊరు. మాకు గుట్టెక్కడిది?

మొదటి క్లాసులో సీజర్ సైఫర్ చెప్పారు. ప్రతి అక్షరాన్నీ కొన్ని అక్షరాలు ముందుకు జరపడమే. చిన్నప్పుడు మనం మాట్లాడుకున్న "క భాష" కూడా ఇంచుమించు ఈ జాతిదే కదా, "రాము" అనకుండా "కరాకము" అనడం. దాన్ని పెద్దవాళ్ళు పట్టేశారని మనకు తెలిసేసరికి ఏడో తరగతి. ల్యాబ్‌లో ఉత్సాహం కొద్దీ సీజర్‌ని తెలుగులో రాద్దామని కూర్చున్నాను. యూనికోడ్ అంకెకి ఒకటి కలిపితే చాలు, "క" వెళ్ళి "ఖ" అవుతుంది. బాగుంది. "నేను" అని కొట్టాను. రెండు ఖాళీ డబ్బాలు, వాటికి వేలాడుతూ ఒక ఐత్వం, ఒక కొమ్ము దీర్ఘం వచ్చాయి. యూనికోడ్ పట్టికలో మన "న" తర్వాతి గది ఖాళీ. "నేను" అన్న మాటే దొరక్కుండా పోయింది. పక్క సీటు వాడు "ఇంతకన్నా గట్టి సైఫర్ ఉండదురా, రాసినోడికే అర్థం కాదు" అన్నాడు.

అసలు సంగతి ఆ తర్వాతి నెలలో వచ్చింది. సైడ్ ఛానెల్ ఎటాక్స్ అనే చాప్టర్. 1996లో పాల్ కోచర్ అనే ఆయన ఒక పేపర్ రాశాడు. ఆర్‌ఎస్‌ఏ లాంటి పద్ధతుల్లో గణితాన్ని బద్దలు కొట్టక్కర్లేదు, ఆ లెక్క చేయడానికి యంత్రానికి ఎంత సమయం పడుతోందో జాగ్రత్తగా కొలిస్తే చాలు, రహస్య కీ బయటపడుతుందని చూపించాడు. తర్వాత కరెంటు వాడకం కొలిచి కూడా అదే పని చేశారు. అంటే తాళం పగలగొట్టలేదు. తాళం తీసేవాడి చేతిని చూశారు.

చెయ్యి అన్న మాట వినగానే నాకు మా తాత గుర్తొచ్చాడు.

తాత ఎడ్ల బేరగాడు. ముప్పై ఏళ్ళు వారం వారం సంతలు తిరిగాడు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఒకసారి వెంట తీసుకెళ్ళాడు. అమ్మేవాడికి ఎదురుగా నిలబడి, భుజం మీది తువ్వాల తీసి ఇద్దరి చేతుల మీదా కప్పాడు. నోట మాట లేదు. మొహాల్లో ఏమీ లేదు. తువ్వాల మాత్రం కోడిపిల్లను దాచినట్టు అటూ ఇటూ కదిలింది. "ఏం చేస్తున్నరు తాతా?" అంటే "వేలు వేలు అనుకుంటున్నం" అన్నాడు. వేళ్ళు పట్టుకుని వేల రూపాయలు మాట్లాడుకుంటున్నారని చాలా రోజుల తర్వాత వెలిగింది. ఎన్ని వేళ్ళు పడితే అంత అంకె. చెయ్యి మొత్తం పడితే ఐదు. ఆరు చెప్పాలంటే చెయ్యంతా పట్టి, వదిలి, మళ్ళీ ఒక వేలు. ముందు పదివేలు, తర్వాత వేలు, చివరికి వందలు. అమ్మేవాడితో ఒకసారి, కొనేవాడితో ఒకసారి. రెండు అంకెలూ తెలిసినవాడు సంత మొత్తంలో తాత ఒక్కడే.

పద్ధతి అందరికీ తెలిసినా ఫర్వాలేదు, కీ ఒక్కటి దాస్తే చాలని 1883లో కెర్కాఫ్స్ రాసిన సూత్రం మాకు పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్న. సంతలో తువ్వాల పద్ధతి తెలియనివాడు లేడు. ఆ అంకె మాత్రం పక్కవాడికి కూడా తెలిసేది కాదు.

ఇప్పుడు మా ఇంటి సంగతి. నేను 2022లో ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు ఫీజు కోసం బాపు ఎడ్ల జత అమ్మాడు. తాతకి అప్పుడే కంటి ఆపరేషన్ అయింది, సంతకి పోలేకపోయాడు. బాపు ఒక్కడే వేరే సంతకి తోలుకుపోయాడు. అరవై రెండు వేలకు తగ్గొద్దని అనుకుని వెళ్ళినవాడు యాభై మూడు వేలతో వచ్చాడు. తాత కళ్ళకు నల్లద్దాలతో మంచంలో కూర్చుని ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"నీ చెయ్యి తడిగుండెనా?"

బాపు ఏమీ అనలేదు. చొక్కా విప్పి దండెం మీద వేసి బయటికి వెళ్ళిపోయాడు. ఆ ప్రశ్న నాకు రెండేళ్ళు అర్థం కాలేదు. కోచర్ పేపర్ చదివిన రాత్రి అర్థమైంది.

దసరా సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు తాతని పట్టుకుని కూర్చున్నాను. నూర్ ఇనాయత్ ఖాన్ కథ చెప్పాను. టిప్పు సుల్తాన్ వంశంలో పుట్టిన అమ్మాయి, రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్ళ తరఫున వైర్‌లెస్ ఆపరేటర్‌గా 1943 జూన్‌లో ఫ్రాన్స్‌లో దిగింది. అక్టోబరులో జర్మన్లకు చిక్కింది. ఎంత హింసించినా నోరు విప్పలేదు. కానీ తాను పంపిన సందేశాలన్నీ ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టుకుంది, అదీ దొరికింది. వాటితో జర్మన్లు ఆమె పేరుమీద లండన్‌కి దొంగ సందేశాలు పంపారు. 1944 సెప్టెంబరులో డాఖావ్‌లో చంపేశారు. ఆ రోజుల్లో మోర్స్ కొట్టే ప్రతివాడికీ ఒక చేతివాటం ఉండేదనీ, వినేవాళ్ళు దాన్నిబట్టే ఎవరు కొడుతున్నారో చెప్పేవాళ్ళనీ, దాన్ని ఇంగ్లీషులో పిడికిలి అనే అనేవాళ్ళనీ చెప్పాను.

తాతకి యుద్ధం పట్టలేదు. పిడికిలి దగ్గర ఆగాడు.

"మరి గదే గదా. అంకె మనిషి చెప్తడు. అవసరం చెయ్యి చెప్తది" అన్నాడు. బిడ్డ పెండ్లి పెట్టుకున్నోడి చెయ్యి గట్టిగ పట్టుకుంటదట, వదలదట. అప్పులోడు ఇంటికొచ్చి పోయినోడి చెయ్యి చల్లగ, తడిగ ఉంటదట. ఊరికే రేటు తెలుసుకుందామని వచ్చినోడి వేళ్ళు మెత్తగ ఉంటయట.

"అది కొనేటోనికి చెప్పేటోడివా?"

చాలాసేపు మాట్లాడలేదు. "ఒక్కొక్కసారి. చెప్పకపోతే మల్లోసారి నన్నెవడు పిలుస్తడు?" అన్నాడు. మళ్ళీ తనే, "నువ్వు హన్మకొండల సదివిన బడి ఫీజు యాడికెల్లి వచ్చిందనుకున్నవ్?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. బాపుని ముంచినవాడి మీద నాకు రెండేళ్ళుగా కోపం ఉంది. ఎవరి ఇంట్లోనో ఏ పిల్లాడికో మా తాత మీద కూడా అంతే కోపం ఉండి ఉంటుంది. 2016లో ఈ-నామ్ వచ్చింది, మా యార్డు కూడా అందులో చేరింది, వ్యాపారి తన రేటు ఆన్‌లైన్‌లో కొడతాడు. ఫోన్‌కి చెమట పట్టదు. అదొక్కటే అందులో నాకు బాగా నచ్చింది. ఎడ్లకి మాత్రం ఇంకా తువ్వాలే.

తాత తువ్వాల తీశాడు. "నీదొక ఎద్దు ఉన్నదనుకో. చెప్పు." నాలుగు వేళ్ళు పట్టాను, నలభై వేలు. కాసేపు నా చెయ్యి అలాగే పట్టుకున్నాడు. "ముప్పైకి ఇస్తవ్" అన్నాడు.

"ఎట్ల?"

"గెలవాలని ఆత్రం ఉంది నీకు. వేళ్ళు గుంజుకుంటున్నయ్." తర్వాత మెల్లగా చెప్పాడు. తెలిసినోడు బేరానికి పొయ్యేముందు ఇంత దుమ్ము తీసి అరచేతికి రాసుకుంటడట. తడి తెల్వది, చల్లదనం తెల్వది. మా పుస్తకంలో దీన్ని బ్లైండింగ్ అంటారు, లెక్కలోకి ఏదో ఒక సంబంధం లేని అంకె కలిపి కొలిచేవాణ్ణి గందరగోళపెట్టడం. తాతది ఫ్రీ.

"మరి బాపుకి ఎందుకు నేర్పలే?"

"నేర్పితె వాడు గూడ గదే పని చేస్తడని" అన్నాడు తాత.

బాపు నిద్రపోయాడనుకున్నాం. అవతలి మంచంలోంచి "గా తొమ్మిదివేల ముచ్చట ఇప్పుడెందుకు, లైటు బంద్ చెయ్యిండ్రి" అని అటు తిరిగి పడుకున్నాడు.